ఆర్వీ ఫర్నేస్ ఎందుకు వెలగదు? ఆగిన మెట్టు దగ్గరే జవాబు

ఎల్లోస్టోన్ సరస్సు 7,700 అడుగులకు పైన ఎత్తులో ఉంటుంది. జూన్‌లో కూడా అక్కడ రాత్రిపూట నీళ్లు గడ్డకట్టేంత చలి పడుతుంది. వేసవి సెలవులకు పిల్లలతో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో ఆర్వీ (ఇల్లులా వాడుకునే వాహనం) అద్దెకు తీసుకుని అటు వెళ్లే అమెరికా తెలుగు కుటుంబాలకు ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. సాయంత్రం చక్కగా వెలిగిన ఫర్నేస్, అంటే లోపలి గదిని వెచ్చబెట్టే గ్యాస్ హీటర్, తెల్లవారుజామున మూడింటికి ఉత్త చల్లగాలి ఊదుతుంటుంది. సిలిండర్‌లో గ్యాస్ ఉంది, ఎంత వేడి కావాలో పెట్టుకునే థర్మోస్టాట్ ఎంత పెంచినా వేడి మాత్రం రాదు.

సొంత ఆర్వీ ఉన్నవాళ్లు ఈ పరిస్థితిలో ముందుగా అనుమానించేది మంట వెలిగించడాన్ని నడిపే ఇగ్నిషన్ బోర్డునే. వంద డాలర్లకు పైగా పెట్టి కొత్తది తెప్పిస్తారు, బిగిస్తారు, ఫర్నేస్ మళ్లీ చల్లగాలే ఊదుతుంది. ఎందుకంటే ఎక్కువసార్లు లోపం బోర్డులో ఉండదు. అసలు ఫర్నేస్‌లోనే ఉండదు. బ్యాటరీ దిగిపోయి ఉంటుంది, లేదా గాలి దారి మూసుకుపోయి ఉంటుంది, లేదా రెగ్యులేటర్ నుంచి గ్యాస్ సరిగా రావడం లేదు. ఆర్వీ ఫర్నేస్ ఒక పద్ధతి ప్రకారం మెట్టు తర్వాత మెట్టు ఎక్కుతుంది. ముందు మెట్టు సరిగా పడితేనే తర్వాతి మెట్టు మీద కాలు పెడుతుంది. కాబట్టి అది ఏ మెట్టు మీద ఆగిందో చెవి పెట్టి వింటే సగం పని అయిపోయినట్టే.

అన్నిటికంటే ముందు ఒక జాగ్రత్త. కుళ్లిన కోడిగుడ్ల లాంటి వాసన వస్తుంటే రిపేరు ఆలోచన పక్కన పెట్టాలి. ప్రొపేన్‌కు సొంత వాసన లేదు, లీకు తెలియడానికి ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. వాసన తగిలితే ఏ స్విచ్చీ వేయకూడదు, తీయకూడదు. అందరూ బయటికి వచ్చి, తలుపులు తెరిచి ఉంచి, సిలిండర్ వాల్వు కట్టేయాలి. ప్రొపేన్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు. అందుకే అది నేల మీద పేరుకుంటుంది, అందుకే గ్యాస్ డిటెక్టర్‌ను కూడా నేలకు దగ్గరగా బిగిస్తారు.

లోపల ఏం జరుగుతుంది

ఆర్వీల్లో ఎక్కువగా కనిపించేవి సబర్బన్ ఫర్నేస్‌లు, అట్‌వుడ్ హైడ్రో ఫ్లేమ్ ఫర్నేస్‌లు. అట్‌వుడ్‌ను 2014లో డొమెటిక్ కొనుక్కుంది కాబట్టి కొత్త వాటి మీద ఆ పేరే ఉంటుంది. సైజు గంటకు సుమారు 16,000 బీటీయూల (వేడిని కొలిచే యూనిట్) నుంచి 40,000 దాకా ఉంటుంది. ఏ కంపెనీదైనా పని తీరు దాదాపు ఒకటే.

అమెరికా ఇళ్లలో ఫర్నేస్‌కు 120 వోల్టుల కరెంటు ఉంటుంది. ఆర్వీ ఫర్నేస్ మొత్తం 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. అందులో ఒక్కటే మోటారు ఉంటుంది. దాని ఇరుసుకు రెండు చివర్లా రెండు ఫ్యాన్ చక్రాలుంటాయి. ఒక చక్రం బయటి గాలిని లాగి మంట గదిలోకి పంపి, పొగను మళ్లీ బయటికే తోస్తుంది. రెండో చక్రం ఆర్వీ లోపలి గాలిని లాగి, హీట్ ఎక్స్ఛేంజర్ అనే మూసిన ఇనుప పెట్టె చుట్టూ తిప్పి, వేడెక్కాక డక్టుల్లోకి, అంటే గాలి గొట్టాల్లోకి పంపుతుంది. మంట గాలి, మనం పీల్చే గాలి ఎక్కడా కలవవు. ఈ రెండు చక్రాలూ ఒకే ఇరుసు మీద ఉన్నాయన్న సంగతి గుర్తుంచుకోవాలి. మోటారు నెమ్మదిస్తే మంటకు గాలీ తగ్గుతుంది, గదికి గాలీ తగ్గుతుంది.

థర్మోస్టాట్ వేడి అడగగానే ముందు బ్లోయర్, అంటే ఆ మోటారు ఫ్యాన్, తిరుగుతుంది. మోటారు దాదాపు 75 శాతం వేగం అందుకున్నాక ఆ గాలి తోపుకు సెయిల్ స్విచ్ మూసుకుంటుంది, అంటే కరెంటు దారి కలుస్తుంది. ఆ కరెంటు, వేడి మితిమీరితే దారి తెంచే లిమిట్ స్విచ్ గుండా ఇగ్నిషన్ బోర్డుకు చేరుతుంది. బోర్డు సుమారు 15 సెకన్లు ఆగుతుంది. మంట గదిలో పాత గ్యాస్ ఏమైనా మిగిలి ఉంటే బయటికి పోవడానికే ఆ విరామం. తర్వాత టక్కుమని గ్యాస్ వాల్వు తెరుచుకుంటుంది, అదే క్షణంలో ఎలక్ట్రోడ్ దగ్గర టిక్ టిక్ టిక్ అని స్పార్క్ మొదలవుతుంది. ఏడు సెకన్ల లోపు మంట కనిపించకపోతే బోర్డు గ్యాస్ కట్టేస్తుంది. చాలా బోర్డులు ఇలా మూడుసార్లు ప్రయత్నించి, ఆ తర్వాత లాకౌట్‌లోకి పోతాయి. అప్పుడు థర్మోస్టాట్ ఆపి మళ్లీ వేసేదాకా బోర్డు స్పార్క్ ఇవ్వదు. కొన్ని కొత్త బోర్డులు గంట తర్వాత వాటంతటవే ఇంకోసారి ప్రయత్నిస్తాయి.

సరిపడా వేడెక్కాక ముందు మంట ఆరుతుంది, బ్లోయర్ మాత్రం ఇంకో నిమిషం, రెండు నిమిషాలు తిరుగుతుంది. అది లోపం కాదు. లోపల మిగిలిన వేడిని బయటికి తోయడానికి అలా తిరగాలి.

లోపం వెతికేవాళ్లు థర్మోస్టాట్ పెంచి, ఫర్నేస్ పక్కన కూర్చుని, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని వినాలి. ఫ్యాన్ తిరిగిందా? 15, 20 సెకన్లకు టక్కుమని చప్పుడు వచ్చిందా? టిక్ టిక్ వినిపించిందా? భుగ్గుమని అంటుకుందా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు తెలియకుండా స్క్రూడ్రైవర్ పట్టుకోవడం దండగ.

ఉలుకూ పలుకూ లేకపోతే

థర్మోస్టాట్ పెంచినా ఫ్యాన్ కూడా తిరగకపోతే గ్యాస్ గురించి ఆలోచించనక్కర్లేదు. అది పూర్తిగా కరెంటు సమస్య. 12 వోల్టుల ప్యానెల్‌లో ఫర్నేస్ ఫ్యూజు తీసి, కంటితో చూసి వదిలేయకుండా మల్టీమీటర్‌తో పరీక్షించాలి. కొన్ని సబర్బన్ మోడళ్లకు ఫర్నేస్ మీదే చిన్న ఆన్, ఆఫ్ స్విచ్ లేదా బ్రేకర్ ఉంటుంది. సామాన్లు సర్దుతుంటే చెయ్యి తగిలి అది ఆఫ్ అయిపోయిన సందర్భాలు తక్కువేమీ కాదు.

ఫ్యూజు బాగుంటే తర్వాత చూడాల్సింది థర్మోస్టాట్. రెండు వైర్లే ఉండే పాత రకం థర్మోస్టాట్‌ను గోడ నుంచి విప్పి, ఆ రెండు వైర్లను ఒకదానికొకటి తాకిస్తే ఫర్నేస్ బయల్దేరాలి. బయల్దేరితే ఫర్నేస్ మంచిదే, మార్చాల్సింది థర్మోస్టాట్‌ను. బయల్దేరకపోతే ఫర్నేస్ దగ్గరున్న రెండు నీలం వైర్ల దగ్గర అదే పరీక్ష చేయాలి. అక్కడ పనిచేసి గోడ దగ్గర పనిచేయకపోతే మధ్యలో ఎక్కడో వైరు తెగింది. ఏసీ, ఫర్నేస్ రెండింటినీ నడిపే డిజిటల్ థర్మోస్టాట్లకు మాత్రం ఇలా వైర్లు కలపకూడదు. అలాంటి ఆర్వీలో పరీక్ష ఫర్నేస్ దగ్గరి నీలం వైర్ల వద్దే చేయాలి.

అక్కడ కూడా చలనం లేకపోతే ఫర్నేస్‌కు కరెంటు తెచ్చే పాజిటివ్, నెగటివ్ వైర్ల మధ్య వోల్టేజీ కొలవాలి. 12 వోల్టులు ఉండి ఫ్యాన్ తిరగకపోతే అప్పుడు రిలే మీద, మోటారు మీద అనుమానపడొచ్చు. మోటారు బేరింగ్ పట్టేస్తే ముందే కొన్ని రోజులు కీచుమని అరుస్తుంది. ఆ అరుపును పట్టించుకోకుండా వదిలేస్తే ఒకనాటి రాత్రి బిగుసుకుపోతుంది.

ఫ్యాన్ తిరుగుతుంది, స్పార్క్ రాదు

ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. ఫ్యాన్ తిరుగుతోంది కదా, కరెంటుకు ఢోకా లేదని అందరూ అనుకుంటారు. ఫ్యాన్ తిరగడం వేరు, తిరగాల్సిన వేగంతో తిరగడం వేరు.

ఈ ఫర్నేస్‌లకు కనీసం 10.5 వోల్టులు కావాలి. ఆ అంకె ఫర్నేస్ దగ్గర, ఫ్యాన్ తిరుగుతుండగా కొలిచింది కావాలి. బ్యాటరీ దగ్గర, ఏ లోడూ లేనప్పుడు కొలిచిన వోల్టేజీతో ఇక్కడ పనిలేదు. వోల్టేజీ తగ్గితే మోటారు తిరుగుతూనే ఉంటుంది గానీ సెయిల్ స్విచ్‌ను తోసేంత గాలి రాదు. స్విచ్ మూసుకోదు, బోర్డుకు కబురు అందదు, స్పార్క్ రాదు, చల్లగాలి మాత్రం రాత్రంతా వీస్తూనే ఉంటుంది. పైగా ఆ ఫ్యాన్ మిగిలిన బ్యాటరీని కూడా పీల్చేస్తుంది.

లెక్క వేసి చూస్తే తెల్లవారుజామున మూడింటికే ఎందుకు ఆగుతుందో తెలుస్తుంది. 30,000 బీటీయూల ఫర్నేస్ బ్లోయర్ సుమారు 7 ఆంపియర్లు లాగుతుంది. చల్లటి రాత్రి పది గంటల్లో సగం సేపు తిరిగిందనుకుంటే 35 ఆంపియర్ అవర్లు. చాలా ట్రైలర్లలో ఉండే గ్రూప్ 24 లెడ్ యాసిడ్ బ్యాటరీ సామర్థ్యం సుమారు 80 ఆంపియర్ అవర్లు, అందులో బ్యాటరీ పాడవకుండా వాడుకోగలిగేది సగం, అంటే 40. సున్నా డిగ్రీల చలిలో ఆ సామర్థ్యం అయిదో వంతు వరకు తగ్గుతుంది. దానికి తోడు లైట్లు, ఫ్రిజ్ బోర్డు, గ్యాస్ డిటెక్టర్. బ్యాటరీ పాతదైతే ఆ రాత్రి గడవదు.

గ్యాస్ సంగతి దీనికి పూర్తిగా వేరు. ఒక పౌండు ప్రొపేన్‌లో దాదాపు 21,500 బీటీయూలుంటాయి. 20 పౌండ్ల సిలిండర్ అంటే 4,30,000. అదే ఫర్నేస్ ఆగకుండా వెలిగినా 14 గంటలు వస్తుంది. రోజుకు అయిదు గంటల మంట అనుకుంటే దాదాపు మూడు రాత్రులు. క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటు కనెక్షన్ (హుకప్) లేని చోట గ్యాస్ కంటే ముందు బ్యాటరీయే అయిపోతుంది.

దీనికి తేలికైన పరీక్ష ఉంది. క్యాంప్‌గ్రౌండ్ కరెంటుకు తగిలించినా, జనరేటర్ వేసినా ఫర్నేస్ చక్కగా వెలిగి, బ్యాటరీ మీద వెలగకపోతే ఇక ఫర్నేస్‌ను విప్పక్కర్లేదు. బ్యాటరీని, దాని కనెక్షన్లను చూడాలి. కాసేపు లోడు లేకుండా ఉంచిన లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.7 వోల్టుల దగ్గర, సగమైతే 12.1 దగ్గర చూపిస్తుంది. అది నిండుగా ఉన్నా ఫర్నేస్ దగ్గర వోల్టేజీ తక్కువ వస్తోందంటే వైర్లలో ఎక్కడో పోతోంది. ఫ్యాన్ తిరుగుతుండగా బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర ఒకసారి, ఫర్నేస్ వైర్ల దగ్గర ఒకసారి కొలవాలి. తేడా అర వోల్టు దాటితే తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు, వదులైన ఫ్యూజు హోల్డర్, సరిగా నొక్కని వైరు కనెక్టర్, వీటిలో ఏదో ఒకటి దొరుకుతుంది. ఎర్త్ వైరును ఛాసిస్‌కు బిగించే చోట పెయింటు గీకి, తుప్పు దులిపి, మళ్లీ గట్టిగా బిగిస్తే కొన్ని ఫర్నేస్‌లు కొత్తవాటిలా పనిచేస్తాయి.

వోల్టేజీ బాగుండి కూడా స్పార్క్ రాకపోతే అప్పుడు సెయిల్ స్విచ్. చూడటానికి ఇది చాలా చిన్న వస్తువు. బొటనవేలంత మైక్రో స్విచ్, దానికి తగిలించిన పల్చటి రేకు. బ్లోయర్ గాలి ఆ రేకును తోస్తే స్విచ్ మూసుకుంటుంది. కుక్కనో పిల్లినో వెంట తీసుకెళ్లే ఆర్వీల్లో ఈ రేకు ఇరుసు దగ్గర బొచ్చు, దుప్పటి నూగు, దుమ్ము కలిసి చిన్న ఉండలా చుట్టుకుంటాయి. ఒక్క వెంట్రుక అడ్డుపడినా రేకు చివరిదాకా కదలదు. ఫర్నేస్ కరెంటు తీసేసి, స్విచ్ విప్పి, మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేసి, రేకును వేలితో కదిపి చూడాలి. తడబడకుండా కదలాలి, వదలగానే వెనక్కి రావాలి. మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో (కరెంటు దారి కలిసి ఉందో లేదో చూపే సెట్టింగ్‌లో) పెట్టి రేకు నొక్కితే బీప్ రావాలి, వదిలితే ఆగాలి. రేకును వంచి సరిచేద్దామని చూడకూడదు. ఎంత గాలికి మూసుకోవాలో ఆ వంపులోనే లెక్క ఉంటుంది. కొత్త స్విచ్ ఖరీదు బోర్డు ఖరీదుతో పోలిస్తే చాలా తక్కువ.

సెయిల్ స్విచ్ తర్వాత లిమిట్ స్విచ్. ఇది మామూలుగా మూసుకునే ఉంటుంది. హీట్ ఎక్స్ఛేంజర్ మితిమీరి వేడెక్కితే తెరుచుకుంటుంది, చల్లారాక తనంతట తానే మూసుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు కూడా కంటిన్యుటీ లేకపోతే స్విచ్ పోయినట్టే.

ఈ రెండు స్విచ్చుల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. లోపం ఎక్కడుందో తేల్చుకోవడానికి, దగ్గరే ఉండి, ఒకటి రెండు నిమిషాలు సెయిల్ స్విచ్ వైర్లు కలిపి చూసే టెక్నీషియన్లు ఉన్నారు. పరీక్ష అవగానే ఆ వైరు తీసేయాలి. దాన్ని అలాగే వదిలి నిద్రపోతే, గాలి లేకపోయినా మంట వెలుగుతుంది, హీట్ ఎక్స్ఛేంజర్ మాడిపోతుంది, పొగ పడకల దాకా వస్తుంది. లిమిట్ స్విచ్‌ను అయితే పరీక్ష కోసం కూడా కలపకూడదు. మీటర్‌తో చూస్తే సరిపోతుంది.

స్పార్క్ వస్తుంది, మంట రాదు

ఇప్పుడు గ్యాస్ వంతు. మొదటి పరీక్ష పొయ్యి మీద. మూడు బర్నర్లూ వెలిగించి మంట చూడాలి. నీలంగా, నిలకడగా ఉంటే లైనులో గ్యాస్ ఉన్నట్టు. మొక్కుబడిగా వెలిగి వణుకుతుంటే లోపం ఫర్నేస్‌కు ముందే ఉంది. అన్నీ బాగుంటే, పొయ్యి వెలుగుతుండగానే ఫర్నేస్ వేయాలి. ఫర్నేస్ వాల్వు తెరుచుకున్న క్షణంలో పొయ్యి మంట కుంగిపోతే రెగ్యులేటర్ బలహీనపడిందని అర్థం. పొయ్యి బర్నర్ కంటే ఫర్నేస్ కొన్ని రెట్లు ఎక్కువ గ్యాస్ లాగుతుంది కాబట్టి, పొయ్యి వెలిగిందన్న ఒక్క కారణంతో రెగ్యులేటర్‌ను మంచిదని తేల్చేయకూడదు.

సిలిండర్ మార్చిన వెంటనే ఫర్నేస్ వెలగకపోతే కంగారు అక్కర్లేదు. లైనులో గాలి ఉంటుంది. ముందు పొయ్యి వెలిగించి ఒకటి రెండు నిమిషాలు మండనిస్తే గాలి పోతుంది. రెండు సిలిండర్ల ట్రైలర్లలో ఇంకోటి కూడా చూడాలి. ఒక సిలిండర్ అయిపోతే రెండోదానికి మారే ఆటో చేంజోవర్ రెగ్యులేటర్ మీద ఉండే మీట ఏ సిలిండర్ వైపు తిరిగి ఉందో, ఆ సిలిండర్ ఖాళీ అయిందేమో, రెండోదాని వాల్వు అసలు తెరిచారా లేదా చూడాలి. రెండోది తెరవకపోతే రెగ్యులేటర్ తనంతట తాను మారడం కుదరదు.

చాలామందికి తెలియని చిక్కు సిలిండర్ కనెక్టర్‌లో ఉంటుంది. చేత్తో తిప్పి బిగించే ఆ పెద్ద ప్లాస్టిక్ నట్ లోపల, గ్యాస్ ఒక్కసారిగా ఎక్కువ పారితే ప్రవాహాన్ని తగ్గించే ఏర్పాటు ఉంటుంది. గొట్టం తెగితే ప్రమాదం తగ్గించడానికి పెట్టిన ఏర్పాటు అది. సిలిండర్ వాల్వును గబుక్కున పూర్తిగా తెరిస్తే, గొట్టం తెగిందనుకుని అది బిగుసుకుంటుంది. అప్పుడు పొయ్యికి సన్నగా గ్యాస్ వస్తుంది, ఫర్నేస్‌కు చాలదు. అన్ని పరికరాలూ ఆపి, సిలిండర్ కట్టేసి, నట్ విప్పి మళ్లీ బిగించి, ఈసారి వాల్వును చాలా నెమ్మదిగా తెరవాలి. డబ్బు ఖర్చు లేకుండా తీరే సమస్యల్లో ఇదొకటి.

ఆర్వీ గ్యాస్ లైనులో ఉండాల్సిన పీడనం 11 అంగుళాల వాటర్ కాలమ్, అంటే సుమారు 27 మిల్లీబార్లు. ఇండియా ఇళ్లలో వంటగ్యాస్ రెగ్యులేటర్ ఇచ్చే పీడనం కూడా దానికి దగ్గరగానే ఉంటుంది. దీన్ని కొలవడానికి మానోమీటర్ కావాలి. పరికరాలు వెలుగుతుండగా కొలిస్తేనే ఆ అంకెకు విలువ. రెగ్యులేటర్‌కు ఉండే చిన్న గాలి రంధ్రం కిందికి తిరిగి ఉండాలి, దుమ్ము, మంచు లేకుండా ఉండాలి. అందులో తడి చేరి రాత్రి గడ్డకడితే పొద్దున్న ఎండ తగిలేదాకా ఫర్నేస్ వెలగదు. పొద్దున్నకు అదే సర్దుకుంటుంది కాబట్టి ఆ లోపం మెకానిక్ దగ్గర ఎప్పుడూ కనిపించదు. పాతబడిన రెగ్యులేటర్‌ను అడ్జస్ట్ చేసుకుంటూ కూర్చోవడం కంటే మార్చేయడమే మంచిది.

చలికి గ్యాస్ గడ్డకట్టిందేమో అనే అనుమానం ఇండియాలో పెరిగినవాళ్లకు సహజం. అక్కడి వంటగ్యాస్‌లో బ్యూటేన్ కూడా కలుస్తుంది, బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. అమెరికాలో ఆర్వీల్లో పోసేది ప్రధానంగా ప్రొపేనే, అది మైనస్ 42 డిగ్రీల సెల్సియస్ దాకా ఆవిరవుతూనే ఉంటుంది. ఎల్లోస్టోన్ జూన్ రాత్రి దాన్నేమీ చేయలేదు. కాకపోతే చలి పెరిగేకొద్దీ సిలిండర్‌లో పీడనం తగ్గుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర చదరపు అంగుళానికి వంద పౌండ్లకు పైగా ఉండేది, మైనస్ 18 దగ్గర పాతిక పౌండ్లలోపుకు వస్తుంది. అడుగంటిన సిలిండర్‌తో పెద్ద ఫర్నేస్ నడిపితే కావలసినంత వేగంగా గ్యాస్ ఆవిరి అవ్వదు. అలాంటి చలిలో నిండు సిలిండర్ వాడుకోవడం తప్ప వేరే ఉపాయం లేదు. సిలిండర్ కింద మంట పెట్టడం, దానిమీద వేడినీళ్లు పోయడం లాంటి పనులు అసలు చేయకూడదు.

గ్యాస్ సరిగా వస్తూ, స్పార్క్ కూడా వస్తూ మంట అంటుకోకపోతే బయటి గోడ మీద గాలి లోపలికి, పొగ బయటికి పోయే రెండు రంధ్రాల్లోకి టార్చి వేసి చూడాలి. ఆర్వీని నెలల తరబడి కదలకుండా ఉంచితే మట్టిగూడు కట్టే కందిరీగలకు ఆ గొట్టాలు మంచి చోటు. సాలెపురుగులైతే బర్నర్ గొట్టంలోకి, గ్యాస్ జెట్ మూతి దాకా వెళ్లి గూడు అల్లుతాయి. జెట్ రంధ్రం సూది మొనంత ఉంటుంది. దాన్ని పిన్నుతో పొడిస్తే రంధ్రం పెద్దదై మంట పసుపుగా మారుతుంది. విప్పి, ఆల్కహాల్‌లో నానబెట్టి, గాలి ఊదాలి. పురుగులు రాకుండా జాలీలు అమ్ముతారు గానీ, జాలీ కూడా గాలిదారిని తగ్గిస్తుంది. ఆ మోడల్ మాన్యువల్ ఒప్పుకుంటేనే బిగించాలి.

వాల్వు టక్కుమనే చప్పుడే రాకపోతే, స్పార్క్ వచ్చే ఆ ఏడు సెకన్లలో వాల్వు వైర్ల మధ్య 12 వోల్టులు వస్తున్నాయా చూడాలి. వోల్టేజీ వస్తూ వాల్వు తెరుచుకోకపోతే వాల్వు పోయింది. వోల్టేజీయే రాకపోతే బోర్డు వైపు చూడాలి. గ్యాస్ వాల్వును విప్పి బాగుచేయకూడదు, కొత్తది వేయాలి.

అంటుకుని ఆరిపోతుంది

భుగ్గున అంటుకుని కొన్ని సెకన్లలో ఆరిపోతే బోర్డుకు మంట కనిపించలేదన్నమాట. మంట గుండా మైక్రో ఆంపియర్లలో అతి సన్నటి కరెంటు పారుతుంది, దాన్ని బట్టే బోర్డు మంట ఉందని నమ్ముతుంది. ఎలక్ట్రోడ్‌కు మసి పట్టినా, దాని పింగాణీ చిట్లినా, బర్నర్‌కు ఎర్త్ సరిగా లేకపోయినా ఆ కరెంటు తిరిగి రాదు. ఎలక్ట్రోడ్ కొనను ఉక్కు పీచుతో రుద్ది, స్పార్క్ సందు మూడు మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు ఉండేలా చూసుకోవాలి. పింగాణీలో వెంట్రుకంత పగులున్నా స్పార్క్ పక్కదారి పడుతుంది.

బోర్డును ఇప్పుడు చూడాలి, ఇంతకుముందు కాదు. కొన్ని బోర్డులకు కనెక్టర్ నేరుగా రాగి అంచు మీద గుచ్చుకుంటుంది. ఆ అంచుకు పట్టిన నల్లటి పొర కూడా ఇదే లోపం తెస్తుంది. కనెక్టర్ లాగి, పెన్సిల్ రబ్బరుతో ఆ అంచు రుద్ది, తుడిచి మళ్లీ గుచ్చితే చాలాసార్లు సమస్య తీరుతుంది. చాలా బోర్డుల మీద ఎర్ర లైటు కొన్నిసార్లు మిణుకుమని, ఆగి, మళ్లీ మిణుకుమంటుంది. ఆ మిణుకుల లెక్కకు అర్థం కంపెనీని బట్టి, మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో పట్టికను కాకుండా ఆ ఫర్నేస్ మూత లోపల అంటించిన కాగితాన్నే నమ్మాలి. ఇంతా చేశాక కూడా బోర్డే పోయిందని తేలితే వేరే కంపెనీల బోర్డులు కూడా దొరుకుతాయి.

వెలుగుతుంది, కానీ పది నిమిషాలకే మంట ఆగి, ఫ్యాన్ తిరుగుతూ, కాసేపటికి మళ్లీ వెలుగుతుంటే అది లిమిట్ స్విచ్ పని. వేడి బయటికి పోవడం లేదు. డక్టు మూతలు రెండు మూసేసి, మూడోదాని మీద బ్యాగు పెట్టి, ఫర్నేస్ గాలి లాగే జాలీ ముందు చెప్పులు, బియ్యం సంచీ పెట్టుకుంటే ఇంకేం జరుగుతుంది? ఒక గది చల్లగా ఉండాలని డక్టు మూసే అలవాటు ఇంట్లో పనికొస్తుందేమో గానీ ఆర్వీలో పనికిరాదు. తయారీదారు ఎన్ని డక్టులు తెరిచి ఉండాలన్నాడో అన్నీ తెరిచే ఉండాలి. నేల కింద నలిగిన డక్టు, ఎలుక కొరికిన డక్టు కూడా ఇదే లక్షణం చూపిస్తాయి.

ఎత్తు విషయం పూర్తిగా విస్మరించలేం. గ్రాండ్ కేనియన్ సౌత్ రిమ్ దాదాపు 7,000 అడుగులు, బ్రైస్ కేనియన్ అంచు 8,000 దాటుతుంది. అక్కడ గాలి పల్చన, మంటకు అందే ఆక్సిజన్ తక్కువ. ఒకట్రెండు రోజులకు వెళ్లేవాళ్లు చేయాల్సిందేమీ లేదు, వేడి కాస్త తగ్గవచ్చు. అలాంటి చోట నెలల తరబడి ఉండేవాళ్లు తమ మోడల్‌కు చిన్న జెట్ వేయించాలా అని సర్వీస్ సెంటర్‌లో కనుక్కోవాలి.

ఇంట్లో చేయకూడని రిపేరు

పొగ గొట్టం చుట్టూ బయటి గోడ మీద నల్లటి మసి కనిపిస్తే, మంట నీలంగా కాక పసుపుగా ఎగసిపడుతుంటే, వెలిగేటప్పుడు ఢామ్మని శబ్దం వస్తే ఫర్నేస్ ఆపేయాలి. గ్యాస్‌కు తగ్గ గాలి అందడం లేదు, కార్బన్ మోనాక్సైడ్ పుడుతోంది. హీట్ ఎక్స్ఛేంజర్‌కు పగులు వచ్చి ఉంటే ఆ విషవాయువు డక్టుల గుండా నేరుగా పడకల దగ్గరికి చేరుతుంది. పగిలిన హీట్ ఎక్స్ఛేంజర్‌ను వెల్డింగ్ చేయించడం, ఏదో పూత పూసి సరిపెట్టుకోవడం ప్రాణాలతో చెలగాటం. దాన్ని మార్చాలి, లేదా ఫర్నేస్‌నే మార్చాలి.

కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు. డిటెక్టర్ 70 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 70) దగ్గర మోగడానికి గంట నుంచి నాలుగు గంటలు పట్టవచ్చు, ప్రమాణమే అలా ఉంది. కాబట్టి అది మోగలేదు కదా అని తలనొప్పిని, వికారాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి వస్తే ముందు అందరూ బయటికి రావాలి. గ్యాస్ డిటెక్టర్, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టర్ రెండింటి వెనకా తయారీ తేదీ ఉంటుంది. గడువు దాటినవి పచ్చలైటు చూపిస్తూనే పనిచేయకుండా ఉండొచ్చు. అద్దె ఆర్వీ తాళాలు తీసుకునేటప్పుడే ఆ తేదీ చూసుకోవాలి. ఫర్నేస్ వెలగని రాత్రి పొయ్యి వెలిగించి చలి కాచుకోవడం ఎంతమాత్రం కూడదు. దాని పొగకు బయటికి పోయే దారి లేదు.

గ్యాస్ కనెక్షన్ ఏది విప్పి బిగించినా సబ్బునీళ్లు పూసి బుడగలు వస్తున్నాయా చూడాలి. పీచు లేని గుడ్డతో తుడిచి, మూత పెట్టి, ఫర్నేస్‌ను కనీసం అరగంట నడపాలి. ఈసారి హుకప్ తీసేసి, బ్యాటరీ మీదే. మొదటి నిమిషంలో ఒకసారి, అరగంట చివర ఒకసారి ఫర్నేస్ వైర్ల దగ్గర వోల్టేజీ రాసుకోవాలి. రెండో అంకె 12కు దగ్గరగా నిలబడితే ఆ రాత్రి పడుకోవచ్చు. 11 వైపు జారుతుంటే ఫర్నేస్ బాగున్నా బ్యాటరీ తెల్లవార్లూ నిలవదు, చీకటి పడకముందే జనరేటర్ వేసి దాన్ని నింపుకోవాలి.